గాలి మిషను ఆపి పాడించిన పాటలు

పోయిన నెలలో ఒక పొద్దున ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి, "తమ్ముడు లేడు" అని పెట్టేశారు. మరిది కోసం గంజి ఫ్లాస్కులో పోస్తున్నాను. మూత బిగించి పక్కన పెట్టి, అత్తగారి గదిలోకి వెళ్లాను. నేను నోరు తెరవకముందే ఆమె తల దించుకుంది.

చిత్తూరు, బంగారుపాళ్యం వైపు గుళ్లలో తెల్లవారి మైకులో మీరు వినే భజనలు చాలావరకు మా మేడమీది గదిలో రికార్డయినవే. పాడినవాళ్లు మీకు తెలిసి ఉంటారు. ఆ గొంతులను సరిచేసిన మనిషి మా మరిది.

వయసులో చెన్నైలో పెద్ద పెద్ద మిషన్ల దగ్గర పని నేర్చుకున్నాడు. తరవాత అవన్నీ కంప్యూటర్లోకి వచ్చేశాయి. తెరమీద మాత్రం ఆ పాత మిషన్ల బొమ్మలే: తిప్పే నాబ్‌లు, పసుపు వెలుతురులో గొంతు హెచ్చుతగ్గులకు వణికే ముల్లు. ఈక్వలైజర్‌తో గొంతులోని గరుకు తగ్గించేవాడు. వాటిలో కంప్రెసర్ అనేది ఏం చేస్తుందని ఒకసారి అడిగాను.

"అరిసేవాళ్లను అణస్తాది, మెల్లగా మాట్లాడేవాళ్లను ముందుకు తెస్తాది వదినా. ఈ ఇంట్లో నువ్వు చేసే పనే," అన్నాడు.

మెల్లటి చప్పుడును కూడా అది పైకి లేపుతుంది కాబట్టి, రికార్డింగంటే ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్జు, నీళ్ల మోటారు అన్నీ ఆగాలి. ఆపే పని నాది. చివర్లో తెరమీద తువ్వాలు కప్పి వినేవాడు. ముల్లును చూస్తే చెవి సోమరి అవుతుందనేవాడు.

ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వచ్చాక ఆ గదిలోకి ఆక్సిజన్ మిషను చేరింది. పగలూ రాత్రీ దాని హోరే. అప్పుడే అతనికి తల్లి పాడే పెళ్లిపాటలు, హారతులు దాచిపెట్టాలనిపించింది. ఆమెకు ఎనభై దాటాయి. ముందు పోయేది ఆమేనని మేమంతా అనుకున్నాం. అతనూ అలాగే అనుకున్నాడు.

స్నానానికి కాసేపు మిషను తీయవచ్చని డాక్టరు చెప్పాడు. ఆ కాసేపటిని అతను పాటకు వాడుకున్నాడు. రోజుకు ఒకటే పాట. అతను చెయ్యెత్తితే నేను స్విచ్చి ఆపేదాన్ని. ఎదురుగా కొడుకు పెదవులు నల్లబడుతుంటే ఆమె పాట వేగం పెరిగేది. ఒకరోజు ఏకంగా ఒక చరణమే వదిలేసింది.

"మా, రెండో చరణం యాడికి పోయింది?"

"మరిసిపోయినా నాయనా."

"ఇన్ని పెండ్లిండ్లలో పాడినదానివి, ఈ పొద్దే మరిసినావా? నన్ను సూడబాక."

మరునాటి నుంచి ఆమె కుర్చీని గోడవైపు తిప్పించాడు. అయినా ఆమె వేగం తగ్గలేదు. వెనక నుంచి అతని ఊపిరి వినబడుతూనే ఉండేది కదా. చివరి హారతి ముగియగానే గోడవైపే చూస్తూ, "గాలి పెట్టు పాపా," అంది. స్విచ్చి వేశాను.

ఆ హారతి పాట సిద్ధం చేశాక నాకు వినిపించాడు. చివర స్విచ్చి చప్పుడు, మిషను హోరు అలాగే ఉన్నాయి. ఫ్రిజ్జు చప్పుడు కూడా పడనివ్వని మనిషి దీన్ని ఎందుకు కోయలేదని అడిగాను.

"కోస్తే, అమ్మ ఎందుకంత తొందరగా పాడిందో ఎవురికి తెలుస్తాది వదినా?"

కర్మ అయ్యాక అత్తగారు ఆ పాట పెట్టమంది. మేడ ఎక్కించాను. కుర్చీ ఇంకా గోడవైపే ఉంది, అందులోనే కూర్చుంది. ఫ్యాన్లు ఆపి, తెరమీద తువ్వాలు కప్పాను. పాట పరుగులా సాగి ఆగిపోయింది. స్విచ్చి టక్కుమంది. గొంతు లేని ఆ ఖాళీలోకి మిషను హోరు మెల్లగా పైకి లేచింది. ఆపబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ. వానికి గాలి వస్తా ఉండాది."