వానచిలకల మంటలు

బుడ్డమ్మీ, నువ్వు పోయి ఒక పంట గడిచింది.

నా కూతురు బుడ్డమ్మి ఎండాకాలంలో కామెర్లు ముదిరి చనిపోయింది. బిడ్డను తలుచుకునే ఈ కూడికకు వచ్చి ఈ కాగితం చదివే మీకు తెలియంది కాదు. నాకు సదువు తక్కువ. తోచినట్ల రాస్తాండా.

తొలివాన పడిన సాయంత్రం మా ఎర్రనేలల్లో రెక్కల పురుగులు లేస్తాయి. ముందు రెక్కలు మట్టిరంగు, అంచుకు పసుపుగీత. వెనక రెక్కలు తెల్లగా, నల్లచుక్కలతో. మేమంతా వాటిని వానచిలకలు అనేవాళ్లం. వానను తెచ్చినాయని ఒక్కదాన్నీ కొట్టనిచ్చేవాళ్లం కాదు.

శెనక్కాయ చేనును మోడు చేసే ఎర్ర గొంగళిపురుగు ఆ చిలక బిడ్డేనని కనిపెట్టి చూపించింది నా కూతురే. టెంత్ చదివేటప్పుడు, ఆకు అడుగున పసుపు గుడ్ల కుప్ప చూసి డబ్బాలో పెట్టింది. గుడ్లు పగిలి సన్న పురుగులొచ్చినాయి. మేసి మేసి, ఎర్రబొచ్చు పెంచుకోని, డబ్బాలో పోసిన మట్టిలోకి దూరినాయి. తవ్వితే పురుగు కదలకుండా నల్లగా గింజ మాదిరి ఉండాది.

"సచ్చిందిలే, పారెయ్" అన్నా.

"సావలేదుమా. వాన కోసరం పండుకోనుండాది."

మరుసటేడు తొలివానకు ఆ మట్టి తడిపింది. దాంట్లోంచి వానచిలక లేసింది!

అవి గుడ్లు పెట్టకముందే అందరం ఒకే సాయంత్రం గట్లమీద మంటలేస్తే, వెలుగుకొచ్చి పడతాయని ఇల్లిల్లూ తిరిగి చెప్పేది. పక్కచేని పెద్దాయన ఎగతాళి చేసినాడు.

"ఏమమ్మీ, పురుగులకు సలిమంటేస్తాండావా?"

"నువ్వు ఎయ్యాకు పెదనాయనా. మిగిలినవన్నీ నీ చేనికే సుట్టాలొస్తాయి. బువ్వొండిపెట్టు!"

తీరా మంటకు అందరికన్నా ముందు కందికట్టె మోసుకొచ్చింది ఆయనే. ఆలూరు దిక్కు మెట్టల్లో, కడప ఎర్రనేలల్లో, అవతల కన్నడసీమలో, తమిళసీమలో కూడా ఇదే పురుగంట. పండక్కి కడప దిక్కు వాళ్ల మేనత్త ఊరికి పోయినా పండగ సంగతులు కాదు, ఈ పురుగు సంగతే చెప్పొచ్చేది. నా బిడ్డ మాట అంత దూరం పోయింది.

సమాధిలో మన్నేసేటప్పుడు నాకు "పండుకోనుండాది" అన్న మాటే వినపడింది.

ఈసారి తొలివాన పడింది. ఇల్లిల్లూ తిరిగేకి బిడ్డ లేదు. ఎవరేస్తారు మంటలు, చేను పోతాదిలే అని గడపలో కూచోనుంటి. పొద్దు గుంకేళకు పెద్దాయన వాకిట్లోకొచ్చినాడు.

"లెయ్‌మ్మా, కందికట్టె తే. బిడ్డ చెప్పింది మరిచిపోతామా?"

పోయి చూస్తే మా గట్టు నుంచి గుట్ట దాకా మంటలే. ఊరంతా నా బిడ్డ మాట మీద నిలబడి ఉండాది. వెలుగు చుట్టూ తెల్లరెక్కలు తిరుగుతాండాయి.

ఎవరింటికి పోయినా నా కూతురు మొదట అడిగేది "తిన్యావా?" అనే. ఈ పొద్దు ఉడకేసిన శెనక్కాయలు ఆ మంటలు కాపాడిన మా చేనివే. కడుపు నిండా తినండి.