తీసిపెట్టని విత్తనం

మా తమ్ముడి పొత్తికడుపు క్యాన్సర్ గడ్డకు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టిన డాక్టర్లు, ఇక పిల్లలు పుట్టకపోవచ్చని ఒక్క మాట చెప్పలేదు. ఊరు మాత్రం మరదలిని గొడ్రాలంది. సీమంతాలకు ఇప్పటికీ ఆమెను పిలవరు. లోపం ఆమెది కాదు, తమ్ముడికి పెట్టిన కరెంటుదన్న అసలు సంగతి నేనే పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నాను. ఎందుకు చెప్పలేదని దవాఖానకు ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు లేదు.

మొన్న బాన్సువాడ బస్టాండులో బస్సు ఎంతకీ కదలదు. లేస్తున్నాను, కూర్చుంటున్నాను. పక్క సీటు అమ్మాయి చేతి కాగితాల్లో ఎలుక బొమ్మ కనిపిస్తే ఏందని అడిగాను.

“కరెంటు పెట్టే ముందు మందిస్తే, పిల్లలు పుట్టనిచ్చే మూలకణాలు బతుకుతయా అని ఎలుకల మీద చూస్తున్నం, తాతా.”

నాకు కోపం ఆగలేదు. తమ్ముడి కథంతా చెప్పాను. “వడ్లు మిల్లుకు పంపేముందు విత్తనం తీసిపెడతం గదా బిడ్డా. గా మాత్రం తెలివి డాక్టర్లకు లేకపాయెనా? ఎలుకకున్న విలువ మా తమ్మునికి లేకపాయె.”

బస్సంతా మా వైపు తిరిగింది. ఆమె కాగితాలు మూసి, మెల్లగా ఇచ్చిన జవాబు నన్ను ఇప్పటికీ కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

“మందు ఇంక ఎలుకల కాడనే ఉంది తాతా. చెప్పనీకైతే మందు అక్కర్లేదు, వాళ్లు చెప్పాల్సిందే. మరి తెలిసినంక మీరన్నా మీ ఊరికి చెప్పిన్రా?”