గుడ్డుసొన మీద పులిహోర

దెయ్యాల మాట ఎత్తితేనే నాకు ఒళ్లు మండేది. నేను చదివింది మైక్రోబయాలజీ. కంటికి కనపడనిదాన్ని నమ్మాలంటే అది మర్నాటికల్లా ల్యాబులో ప్లేటు మీద మొలిచి చూపించాలి. అప్పటికీ ఇప్పటికీ నా మతం దాదాపు అదే. ఆ ‘దాదాపు’ ఎందుకు వచ్చి చేరిందో చెబుతాను.

తొంభైల చివర్లో అమలాపురంలో ఒక ప్రైవేటు ల్యాబులో పనిచేసేదాన్ని. రొయ్యల చెరువుల నీళ్లు, హోటళ్ల తిండి పరీక్ష చేసేవాళ్లం. మా మేనత్త కామేశ్వరి అంబాజీపేటలో ఒక్కతే ఉండేది. చిన్న వయసులోనే భర్త పోతే, పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ వంటలు చేసి బతికింది. ఆవిడ పులిహోర కోసం ముహూర్తాలు మార్చుకున్నవాళ్లు ఉన్నారనేవారు. కోనసీమవాళ్లం కదా, తిండి సంగతి కాస్త ఎక్కువే చెబుతాం లెండి. పేరు మాత్రం నిజం. ఆవిడకున్న ఆస్తి అదొక్కటే.

కొత్తపేట దగ్గర ఒక ఆసామి ఇంట్లో గృహప్రవేశం వచ్చింది. తెల్లవారుజామున ముహూర్తం కాబట్టి పులిహోరకి అన్నం రాత్రే వండేయమన్నాడు. “చద్దన్నం శుభకార్యానికి పెట్టకూడదు బాబూ” అని అత్త మొత్తుకుంది. “ఈ రోజుల్లో అవన్నీ ఎవరు చూస్తున్నారండీ” అన్నాడాయన. పెద్దమనిషి మాట కాదనలేక ఆవిడ తలూపింది. అన్నం వార్చి, గుట్టపోసి, పైన అరిటాకులు కప్పి ఉంచారు.

మర్నాడు మధ్యాహ్నానికి విందు తిన్నవాళ్లలో సగం మందికి వాంతులు. సాయంత్రానికి తగ్గిపోయాయి, ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు. మాట మాత్రం తగ్గలేదు. ఆవిడ వంట తింటే ఆస్పత్రే అని ఊరూరా పాకింది. అప్పటికే ఒప్పుకున్న వంటలు కూడా ఒక్కొక్కరూ వద్దనేశారు.

తప్పు ఆ ఇంటి నూతి నీళ్లదేనని నా నమ్మకం. వంటవాళ్ల వాటాగా అత్తకి ఇచ్చిన పులిహోర క్యారేజీ అలాగే ఉంది. ఆ రోజు ఉపవాసం కావడంతో ఆవిడ ముట్టుకోలేదు. వాంతుల సంగతి తెలిసిన సాయంత్రమే దాన్నీ, ఆ నూతి నీళ్లనీ తెచ్చి ల్యాబు ఫ్రిజ్‌లో పెట్టాను.

ఉడికించినా చావని బ్యాక్టీరియా కొన్ని ఉంటాయి. వేడి తగిలితే గింజలా ముడుచుకుని కూర్చుంటాయి, అన్నం గోరువెచ్చగా ఉంటే మళ్లీ మొలుస్తాయి. అన్నంలో ఉండేదాన్ని పట్టుకోవడానికి, ప్లేటులో పోసి దాన్ని పెంచే మీడియంలో కోడిగుడ్డు సొన కలపాలి. ఆ బ్యాక్టీరియా ఉంటే గులాబీరంగు చుక్కలు, వాటి చుట్టూ తెల్లటి వలయాలు వస్తాయి. రాకపోతే అన్నానికీ అత్తకీ మచ్చ తొలగిపోతుంది.

అత్త ఒప్పుకోలేదు. “నా చేతి వంట గుడ్డుసొన మీద పోస్తావుటే? ఒకసారి మడి సడలించినందుకే ఈ గతి పట్టింది. మళ్లీ సడలించను” అంది. అప్పుడు ఆవిడ వంటింట్లో ఉన్నది మేమిద్దరమే. నాకు చిర్రెత్తుకొచ్చి లేచి వచ్చేశాను. అయినా ఆవిడ వద్దన్నాక ఆ పని చెయ్యడానికి చేతులు రాలేదు.

కొన్నాళ్లకి ఒక పొద్దున నేను ల్యాబుకి వెళ్లేసరికి అటెండరు ఏసురత్నం గుమ్మం బయట నీళ్లు తుడుస్తున్నాడు.

“మీ మేనత్తగారు వచ్చి వెళ్లేరండి. తడిచీరతోనే వచ్చేసేరు పాపం. లోపలికి రండంటే రాలేదండి” అన్నాడు.

లోపల గుడ్లుంటాయని అత్త ఎప్పుడూ ఆ గుమ్మం దాటేది కాదు. తడిచీర సంగతే అర్థం కాలేదు. ఏమైనా చెప్పిందా అని అడిగాను.

“ఆయ్, చెప్పేరండి. గుడ్డు మీదే వెయ్యమను, నాకింక మడీ లేదు మైలా లేదు, అన్నారండి.”

నాకు ఎంత సంతోషం వేసిందో! కోటు తగిలించుకుని ప్లేట్లు తీస్తుంటే ఫోను మోగింది. అంబాజీపేట నుంచి, అత్త పక్కింటివాళ్లు. అత్త తెల్లవారగానే తన పెరట్లో నూతి దగ్గర తలస్నానం చేసి, తడిచీరతో అక్కడే కూలిపోయిందట. వీళ్లు చూసేసరికే ప్రాణం లేదట. ఏసురత్నం ఆవిడతో మాట్లాడానన్న వేళకి అత్తని అరుగు మీద పడుకోబెట్టేశారు, చుట్టూ వీధి వీధంతా చేరి ఉంది.

ఏసురత్నం ఆవిడని చాలాసార్లు చూసినవాడే. బైబిలు మీద చెయ్యి పెట్టి కూడా అదే మాట చెప్పాడు. పోనీ వేరే ఎవరినో చూసి పొరబడ్డాడనుకుందాం. అత్త వద్దన్న సంగతి నేను ఎవరికీ చెప్పలేదే, మరి ఆ జవాబు అతని నోట ఎలా వచ్చింది?

పన్నెండో రోజు అయ్యాక ల్యాబుకి వెళ్లి పరీక్ష చేశాను. మర్నాటికి ప్లేటు నిండా తెల్లటి వలయాలు. నూతి నీళ్లు శుభ్రంగా ఉన్నాయి. నేను అనుకున్నదే తప్పు.

నూతి నీళ్లు ఆసామివే కాబట్టి మా ల్యాబు యజమాని ఆ రిపోర్టు ఆయనకి పంపించాడు. ఆయన దాన్ని జేబులో పెట్టుకుని, ఆవిడ అన్నమేనని కనపడిన వాళ్లందరికీ చూపించాడు. ఏ బ్యాక్టీరియా, ఎంత ఉంది, అంతవరకే మేం రాస్తాం. రాత్రే వండమన్నది ఎవరో ఏ మీడియం మీదా మొలవదు.

గుమ్మంలో ఆ నీళ్లు ఎక్కడివో నాకు ఈ రోజుకీ తెలీదు. వచ్చింది ఆవిడే అయితే, ఏం తేలుతుందో తెలిసే వెయ్యమందా? తెలియకుండా అందా? తెలిసిందల్లా ఒకటే. బతికుండగా ఆ ఆసామి కోసం, పోయాక నా కోసం, మా అత్త రెండుసార్లు మడి సడలించింది. రెండుసార్లూ పోయింది ఆవిడ పేరే.