పర్లేదంటే వచ్చిన తంటా

మా అమ్మ నేర్పిన మాటల్లో నేను ఎక్కువగా వాడుకున్నది 'పర్లేదు'. ఒంట్లో బాగుందని నోటితో అనకూడదు, దిష్టి కొడుతుంది. బాగాలేదనీ అనకూడదు, నలుగురిలో లోకువ. రెంటికీ కలిపి ఆ ఒక్క మాట. మా పెడనలో ఎవరినైనా ఎలా ఉన్నారని అడిగి చూడండి. జ్వరంతో మూలుగుతున్నవాళ్ళూ, నిన్న కూతురి పెళ్ళి కుదిరినవాళ్ళూ అదే జవాబు చెబుతారు.

గర్భసంచి జారడం మొదలైనప్పుడూ నేను పర్లేదనే అన్నాను. మాది కలంకారీ అద్దకం. గోనెపట్టాలు వేసిన బల్ల మీద బట్ట పరిచి, రంగు అద్దిన చెక్క అచ్చును దాని మీద పెట్టి, పిడికిలితో గట్టిగా గుద్దాలి. గుద్దినప్పుడల్లా నాకు మూత్రం చుక్క జారేది. తుమ్మితే ఇక సరేసరి. అద్దకంలో చెడిపోయిన గుడ్డముక్కలే మడతపెట్టి లోపల పెట్టుకునేదాన్ని. భయానికి మెల్లగా గుద్దడం అలవాటైంది. మెల్లగా గుద్దితే అచ్చులోని నెమలి తోక సగమే పడుతుంది. మా ఆయన ఆ బట్ట చూసి, "ఏమే, నీ నెమళ్ళ తోకలు ఎవరు కోసుకెళ్తున్నారే?" అన్నారు. నవ్వొచ్చింది. నవ్వితే ఏమవుతుందో తెలుసు కాబట్టి పెదాలు బిగించుకున్నాను. ఆ తర్వాత ఏడుపొచ్చింది. నా చేతికి వచ్చిన పని ఇదొక్కటే. ఇది కూడా పోతే నేనేం కావాలి?

"తీయించేసుకో అక్కా, వీధిలో అందరూ తీయించుకున్నోళ్ళే" అంది తోటికోడలు, గర్భసంచి కాదు పిప్పిపన్ను అన్నట్టు. గుడివాడలో కొత్తగా వచ్చిన డాక్టరమ్మ మాత్రం వద్దంది. తెలుగావిడే గానీ పెరిగిందీ చదివిందీ ఢిల్లీ వైపు. "తియ్యక్కర్లేదండీ, జారినదాన్ని పైకి బిగించి కుడదాం. బాగయ్యాక మీరు ముందుగా ఏం చెయ్యాలనుకుంటున్నారు?" అని అడిగింది.

"గుద్దాలమ్మా" అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడి మా ఆయన వైపు చూసింది. పాపం, ఆయన అచ్చుల సంగతి వివరంగా చెప్పుకోవాల్సి వచ్చింది.

ఆపరేషన్ అయ్యింది. కొన్ని నెలలు బరువులెత్తొద్దంది, బల్ల దగ్గరికే పోవద్దంది. మళ్ళీ పని చేసుకోవచ్చని చెప్పిన మర్నాడే అచ్చు పట్టుకున్నాను. కళ్ళు మూసుకుని గుద్దాను. ఏమీ కాలేదు. మళ్ళీ గుద్దాను. నెమలి తోక చివరి ఈక దాకా పడింది. ఆ సంతోషం ఎవరికీ చెప్పలేదు. చెబితే దిష్టి కదా!

తర్వాత చూపించుకోవడానికి ప్యాసింజర్ బండిలో గుడివాడ వెళ్ళాం.

"ఎలా ఉందండీ?"

"పర్లేదమ్మా."

డాక్టరమ్మ ముఖం వాడిపోయింది. "పర్లేదంటే... ఇంకా జారుతోందా?"

"అబ్బే, పర్లేదమ్మా."

ఆవిడ పెన్ను పక్కన పెట్టేసింది. "కుట్టు నిలవలేదేమోనండీ. నావల్ల ఏదో పొరపాటు జరిగుంటుంది. విజయవాడలో మా పెద్ద డాక్టరుగారికి చూపిద్దాం" అంది. నన్ను మళ్ళీ మనిషిని చేసిన పిల్ల, నా దిష్టి భయానికి తన చేతినే అనుమానించుకుంటోంది. ఇది ఏం న్యాయం?

లేచి నిలబడి, ఆవిడ టేబుల్ మీద అచ్చు పెట్టి ఉన్నట్టే పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాను. పెన్నులన్నీ ఎగిరి కింద పడ్డాయి. నర్సు పరిగెత్తుకొచ్చింది. "డాక్టరమ్మ మీద చెయ్యి చేసుకుంటావేంటే!" అంటూ మా ఆయన నా రెక్క పట్టుకున్నారు.

అప్పుడు నవ్వాను. పెదాలు బిగించకుండా, కడుపు పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. ఒక్క చుక్క జారితే ఒట్టు.

"బాగుందమ్మా" అన్నాను. "చాలా బాగుంది." బుద్ధెరిగాక నా ఒంటి గురించి ఆ మాట అనడం అదే మొదలు. దిష్టి కొడితే కొట్టనీ, ఇంట్లో కల్లుప్పు ఉంది.

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది.

"మీకెలా ఉందమ్మా?" అని మా ఆయన కంగారుగా అడిగారు.

"పర్లేదండీ" అంది.