మంచాలలో చెప్పిన సాక్ష్యం

ఎవరి పిల్లకైనా చలిజ్వరమని వింటే ఆ పూట నేను అన్నం ముందు నుంచి లేచిపోతాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళ బరువు ఇవాళ మీ ముందు దించుతున్నాను.

నేను కోతలరాయుణ్ణి. ఇబ్రహీంపట్నం చెరువులో నా గాలానికి పడ్డ చేప ఎడ్లబండినే లోపలికి లాక్కుపోయిందని చెబితే నవ్వనివాళ్ళు లేరు. నా భార్య మాత్రం, "మరి ఎడ్లు ఈదుకుంట ఒచ్చినయా?" అని అడిగేది.

ఆమె జ్వరంతో పడ్డనాటికి మా ప్రార్థనకూటానికి కొత్త బోధకుడు వచ్చి ఉన్నాడు. అంతకుముందున్న ముసలి ఉపదేశి ప్రార్థన చేసి, వెంటనే బండి కట్టించి సర్కారు దవాఖానకు పంపేవాడు. పశ్చాత్తాపం, పొరుగువాడి ఆకలి, సిలువ మోయడం, ఇదే ఆయన బోధ. కొత్తాయన నోట సిలువ తగ్గింది, అద్భుతాలు పెరిగాయి. మందు ముట్టడమే అవిశ్వాసమన్నాడు. మేం ముట్టలేదు. ఆమె పోయింది. సమాధి మట్టి ఆరకముందే నాతో, "నీ నమ్మిక చాలలేదు" అన్నాడు.

వీణ్ణి నలుగురిలో నవ్వులపాలు చెయ్యాలి. ఎలా? నాకొచ్చిన విద్య ఒకటే, కోతలు కొయ్యడం. మారినవాడిలా అతని వెంట తిరిగి, చుట్టుపక్కల ఊళ్ళ కూటాల్లో సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టాను. ఇతను ప్రార్థిస్తే శవపేటికలోంచి లేచానన్నాను. మేకులు కొడుతున్న వడ్రంగి సుత్తి పారేసి పరుగెత్తాడని, ఇంకా దొరకలేదని చెప్పాను. ఒక్కరైనా నవ్వుతారనుకున్నాను. అందరూ ఏడ్చారు. బోధకుడు నా భుజం తట్టాడు. అబద్ధమని తెలిసే తట్టాడు.

మంచాల అనే ఊళ్ళో కూటం ముగిశాక రూతమ్మ అనే ఆమె నన్ను ఆపింది. భుజాన జ్వరంతో కాలిపోతున్న కూతురు. బయట బండి కట్టి ఉంది. పక్కనే బోధకుడు.

"అన్నా, పిల్లను దవాఖానకు తోల్కపోతున్న. నువ్వు చెప్పింది నిజమేనా? నిజమైతే ఎడ్లను విప్పిస్త."

అబద్ధమక్కా, జల్ది పో అనడానికి ఎంతసేపు? కానీ అప్పుడు నా బుర్రలో మెదిలింది కూడా రాయాలి. అది దాచితే ఈ ఒప్పుకోలు కూడా ఒక కోతే అవుతుంది. పిల్ల బాగుపడకపోతే వీడి బండారం బయటపడుతుంది అనుకున్నాను.

"అవ్ అక్కా, నిజమే. విప్పియ్యి," అన్నాను.

పిల్ల పోయింది. బండారం బయటపడలేదు. నాతో అన్న మాటే బోధకుడు రూతమ్మతోనూ అన్నాడు. ఆమె తల వంచుకుంది. అతన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇప్పుడు ఇంకా పెద్ద కూటాలు పెడుతున్నాడు. నా పగ చల్లారిందా? లేదు. అతని నోరు పడిపోవాలని ఇవాళ పొద్దున కూడా ప్రార్థించాను. మరి నా నోటి సంగతి? ఆ ఎడ్లను విప్పించింది అతను కాదు కదా.

తన నమ్మిక చాలకనే బిడ్డ పోయిందని రూతమ్మ ఇప్పటికీ ఏడుస్తుందట. ఆమె నమ్మికలో లోటు లేదు. ఆమె నమ్మింది నన్ను. పిల్ల పోతే పోనీ, వాడు పడితే చాలనుకుని నేను అబద్ధం చెప్పాను. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆమెను అడిగే ముఖం లేదు. రాయగలిగాను. ఊపిరి కాస్త ఆడుతోంది.