కంట్లో నలుసు

ఆర్నల్డ్ స్టానిఫోర్త్ తాగుబోతని కత్తుల ఊరు షెఫీల్డ్‌లో అతనుండే వీధి వీధంతా నమ్మింది. అతను కాదనలేదు. నడిస్తే కాళ్లు తడబడుతున్నాయి, మాట ముద్దముద్దగా వస్తోంది. జనం మాత్రం ఇంకేమనుకుంటారు? ఒక శనివారం మధ్యాహ్నం, ఇంకా చుక్క గొంతులో పడకముందే, పబ్బు నడిపే డెస్మండ్ అతని ముందు పెట్టబోయిన గ్లాసు వెనక్కి తీసేసుకున్నాడు.

"ఇవాళ్టికి చాల్లే ఆర్నల్డ్, ఇంటికెళ్లి పడుకో" అన్నాడు, నలుగురూ వింటుండగా. ఆర్నల్డ్ నవ్వేసి వచ్చేశాడు. ఆ తర్వాత చాలా నెలలు ఆ గడప తొక్కలేదు.

చేతులు పడిపోయిన కత్తుల సానవాడు అనిపించుకోవడం కన్నా తాగుబోతు అనిపించుకోవడమే అతనికి నయమనిపించింది. బడి మానేసిన వారానికే సానరాయి ముందు, సానవాళ్లు గుర్రం అని పిలుచుకునే కొయ్యపీట మీద కాళ్లు చెరో పక్కా వేసి కూర్చున్నాడు. ఆ సానకొట్టు మూతపడేదాకా దిగలేదు. ఊరిలో ఎన్ని డైనింగ్ బల్లల మీద కత్తులు అతని చేతిమీదుగా వెళ్లాయో ఎవరికి తెలుసు? ఆ చెయ్యి ఇప్పుడు చొక్కా గుండీ పెట్టుకోలేకపోతోంది. పొద్దున్నే భార్య ఎనిడ్ గుండీలు పెడుతుంటే గోడకేసి చూస్తూ నిలబడేవాడు. సరుకులకెళితే ఆవిణ్ణి చూసి ఇరుగుపొరుగు జాలిపడేవారు, తాగుబోతు మొగుడితో వేగుతోందని. అది తెలిసి కూడా అతను నోరు మెదపలేదు. ఉన్న సిగ్గులన్నిటిలో అతన్ని ఎక్కువగా తిన్నది అదే.

జబ్బు పేరు మోటార్ న్యూరాన్ వ్యాధి అని ఆస్పత్రిలో చెప్పారు. మెదడు చెప్పిన మాటని కండరాలకు చేరవేసే నరాలు ఎండిపోతాయట. నయం చేసే మందు లేదట.

"మీరు ఒప్పుకుంటే కొన్ని నెలలకోసారి మీ మెదడు స్కాన్ తీస్తాం" అంది డాక్టర్ ఫెంటన్. "జబ్బు ఏ దారిన పాకుతోందో చూడాలి. మీకు మేలు జరుగుతుందని చెప్పలేను. మీ తర్వాత వచ్చేవాళ్లకి జరగొచ్చు."

"అంటే నేనింకా పనికొస్తానన్నమాట" అన్నాడు ఆర్నల్డ్. ఆ వారమంతా ఎనిడ్‌కి ఆ మాటే వినిపించాడు.

స్కాన్ రోజున నున్నగా గడ్డం గీయించుకుని వెళ్లాడు. మిషన్ దగ్గరి అమ్మాయి అడగాల్సినవన్నీ అడుగుతోంది.

"లోపల పెద్ద అయస్కాంతం ఉంటుందండీ. మీ కంట్లో ఎప్పుడైనా ఇనుప ముక్క పడిందా?"

"లేదు తల్లీ."

"ఆర్నల్డ్!" అంది ఎనిడ్. "సిరిల్ సంగతి చెప్పు."

"అది ఇనుప ముక్కెందుకవుతుందే? నలుసు!"

అబద్ధమాడలేదు పాపం. ఇనుప ముక్కంటే మనిషిని గుడ్డివాణ్ణి చేసేది. సానరాయి నుంచి రేగే రజను కంట్లో పడితే అది నలుసు. పక్క గుర్రం మీది సిరిల్ వచ్చి గడ్డం పట్టుకుని, "కదలకు. పైకి చూడు" అని, చెక్కిన అగ్గిపుల్లతో తీసేసేవాడు. మళ్లీ పనిలో పడేవారు. దానికి ఆస్పత్రికి పోతే "దొరసానిగారు వేంచేశారు" అని కొట్టంతా ఏడిపించి చంపేది.

కంటికి ఎక్స్‌రే తీశారు. లోపల తెల్లటి చుక్క కనిపించింది. అయస్కాంతం దాన్ని కదిలిస్తే కన్ను పోవచ్చు, కాబట్టి స్కాన్ కుదరదన్నారు.

ఆర్నల్డ్‌కి తల కొట్టేసినట్టయింది. చచ్చేముందు ఊరికే పడుకుని ఉండే పనికి కూడా పనికిరాలేదా? "మీ టైమంతా పాడుచేశానమ్మా" అన్నాడు డాక్టర్ ఫెంటన్ మొహం చూడలేక.

"జబ్బు లేనివాళ్ల స్కాన్లు కూడా కావాలండీ, పోల్చి చూసుకోవడానికి. మీ వయసువాళ్లు దొరకడం లేదు. తెలిసినవాళ్లుంటే చెప్పండి" అంది ఆవిడ.

తెలిసినవాళ్లంతా ఉండేది పబ్బులోనే. అడగాలంటే ముందు జబ్బు సంగతి బయటపెట్టాలి.

"నేను అడుగుతాలే" అంది ఎనిడ్ బస్సులో.

దిగాక ఆర్నల్డ్, "నేనే అడుగుతా. నిన్ను తాగుబోతు పెళ్లాన్ని చేసింది నేనేగా" అన్నాడు.

పబ్బులో పాత సానవాళ్లు డామినో బిళ్లలు ఆడుతున్నారు. ఆర్నల్డ్ బల్ల పట్టుకుని నిలబడి చెప్పాడు. మాట ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఆ రెండోసారి చెప్పడానికి అతని ప్రాణం పోయినంత పనైంది.

"తాగలేదురా. ఆ రోజు కూడా తాగలేదు. జబ్బు."

డెస్మండ్ తల వంచేసుకున్నాడు. ఆర్నల్డ్ ఆగకుండా డాక్టరమ్మ అడిగింది కూడా చెప్పాడు.

"మెదడు కావాలా? సిరిల్‌ది పట్టుకెళ్లు, అసలు వాడనే లేదు" అన్నాడొకడు. అందరూ హమ్మయ్య అనుకుని నవ్వారు.

"కంట్లో నలుసు పడనివాళ్లే కావాలి" అన్నాడు ఆర్నల్డ్.

నవ్వు ఆగిపోయింది. ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. అందరూ సానవాళ్లే.

"వీళ్లందరి నలుసులూ తీసింది నేనేగా" అన్నాడు సిరిల్ గర్వంగా. "నీది కూడా."

"సగమే తీశావు."

సిరిల్ మొహం పాలిపోయింది. "మొత్తం వచ్చేసిందనుకున్నాన్రా" అన్నాడు. "మా ఆవిణ్ణి పంపిస్తా. తను బిస్కెట్ ఫ్యాక్టరీలో చేసింది." ఇంకో ఇద్దరు కూడా తమ ఆడవాళ్ల పేర్లు చెప్పారు.

డెస్మండ్ బీరు తెచ్చి ఆర్నల్డ్ ముందు పెట్టాడు. ఆర్నల్డ్ రెండు చేతులూ గ్లాసుకి వేశాడు. అది లేవలేదు. మళ్లీ ప్రయత్నించాడు. ఇన్ని నెలలుగా దాచింది అందరి కళ్లముందూ ఆ బల్ల మీద ఉంది.

సిరిల్ లేచి వచ్చాడు. ఒక చేత్తో గ్లాసెత్తి, రెండో చేత్తో అతని గడ్డం పట్టుకున్నాడు.

"కదలకు. పైకి చూడు."

సిగ్గుతో చెవులు కాలిపోతున్నా, ఆర్నల్డ్ కదలకుండా పైకి చూశాడు.