మచ్చిక చేసుకోకూడనివి

ఇవాళ బుధవారం. మా పక్కింటి లస్కరు గారు పోయి ఎనిమిది రోజులైంది. ధవళేశ్వరంలో కాలువ గేట్లు ఎత్తుతూ దించుతూ ఉద్యోగకాలమంతా గడిపిన ఆయన, మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు. పెద్దకర్మ దాకా ఆగకుండా ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. ఆయన వదిలి వెళ్ళిన పద్నాలుగు జంతువులకు ఇంకా రెండు రోజుల మేతే ఉంది.

అవి నిజమైనవి కావు. ఆయనా, తొమ్మిదో తరగతి చదివే నా మనవరాలూ ఫోన్లలో ఆడే డైనోసార్ల ఆటలోవి. అడవిలో వాటిని మచ్చిక చేసుకుని, కంచె కట్టుకుని బతకాలి.

"ఈ వయసులో ఇదేం ఆటండీ?" అని ఒకసారి గట్టిగానే అడిగాను.

"ఇప్పుడు కాలువ లేదు కదండీ టీచరు గారూ. ఏదో ఒకటి కాపలా కాయకపోతే నాకు తోచదండి."

అందరూ ఏది పట్టుకోవాలా అని చూస్తే, ఆయన ఏది పట్టుకోకూడదో చూసేవారు. ఆ జాబితా నా చేతే రాయించారు. పొడుగు మెడ కొండంత జంతువు వద్దు: మచ్చికయ్యాక మన మేత ముట్టదు, మాడి చస్తుంది. అన్నిటికన్నా పెద్ద మాంసాహారి అసలే వద్దు: దెబ్బ తగిలితే పిచ్చెత్తి సొంతవాళ్ళ మీదే పడుతుంది. "దించలేని గేటు ఎత్తకూడదండి" అనేవారు.

కిందటి వేసవిలో మనవరాలు ఆయనకు చెప్పకుండా ఆ పెద్ద మాంసాహారినే మచ్చిక చేసి, ఎక్కి కంచెలోకి తోలుకొచ్చింది. గట్టు తెగేలా కనిపిస్తే ముందు మట్టి వేసి, తరవాత అడిగే అలవాటు లస్కర్లది. అడవిది చొరబడిందనుకుని ఆయన బాణం వేశారు. అది తిరగబడింది.

"దిగమ్మా! దిగు, దిగు! నిన్నే!"

ఆయన కేకకు గరిటెతోనే వంటింట్లోంచి పరుగెత్తాను. రెండు నిమిషాల్లో ఆరు జంతువులు పోయాయి. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "పిల్లని ఏమీ అనకండి. తను నన్ను అడగలేదు, నేనూ తనని అడగలేదు" అన్నారు.

మేత తక్కువైన రోజున చివరి తొట్టితో మొదలుపెట్టేవారు, నీటి ఎద్దడిలో శివారు పొలాలకు ముందు వంతు ఇచ్చినట్టు. "దగ్గరున్నవాళ్ళు ఎలాగోలా తెచ్చుకుంటారండి."

నిన్న మనవరాలు ఆట తెరిచింది. కంచె బయట ఇద్దరు కొత్త ఆటగాళ్ళు, దోచుకునే రకం, తిరుగుతున్నారట.

"అమ్మమ్మా, ఆ పెద్దదాన్ని తెస్తే ఒక్కడూ లోపలికి రాడు."

"తాతగారు వద్దన్నారుగా."

"తాతగారు లేరుగా!"

"లేరు కాబట్టే వద్దు. అది తిరగబడితే నిన్ను దిగమని కేకేసేది ఎవరే?"

ఫోను బోర్లా పెట్టేసింది. అన్నానికి కూడా లేవలేదు.

ఇక జరగవలసినవి:

1. ఇవాళ స్కూలు నుంచి రాగానే ఆట తెరవాలి. నేను పక్కనే కూర్చుంటాను.
2. ఉన్న మేత చివరి తొట్టి నుంచే వేయాలి.
3. మనం మేపలేని మాంసాహారులను అడవిలోకి వదిలేయాలి.
4. కంచె పోయినా సరే, పెద్దదాన్ని తేకూడదు.
5. ఆ ఆటలో ఫోను కట్టేసిన మనిషి, ఆపినచోటే నిద్రపోతూ కనిపిస్తాడట. ఆయన నీటి ఒడ్డున ఒక పక్కకు తిరిగి పడుకుని ఉన్నారు. ఆయన తాబేలు ఎండకు అడ్డంగా నిలబడి ఉంది. దాన్ని కదపకూడదు.